దరువు మనది, పద్దు ఎవరిది?

శ్రీకాకుళం జానపదం ఒకటి హిట్టయిన ప్రతిసారీ ఒకటే తంతు. పాట మాదంటే మాదని నాలుగు వీడియోలు, రెండు టీవీ చర్చలు, ఆ తర్వాత మరుపు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పల్లవిని 2009లో ఒక భారీ సినిమా వాడుకున్నప్పుడు, ఆ పాట కట్టిన వంగపండు ప్రసాదరావే బయటికొచ్చి ఇది నాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఉత్తరాంధ్రలో ఊరూరా తెలిసిన మనిషికే ఆ గతి పడితే, బయట పేరు తెలియని వాద్యగాడి సంగతి వేరే చెప్పాలా? అయితే ఈ గొడవలన్నీ మాటల చుట్టూ, బాణీ చుట్టూ తిరుగుతున్నాయి. మన చేతుల్లోంచి జారిపోతున్నది వాటికంటే చిన్నది, వాటికంటే విలువైనది. అది శబ్దం. తప్పెటగుళ్ళ బృందంలో గుండెల మీద కట్టుకున్న రేకు తప్పెట మీద పడే ఒక్క అరచేతి దెబ్బ. పావు సెకను కూడా ఉండదు. డాన్స్ పాటల వ్యాపారం అలాంటి పావు సెకన్ల మీదే నడుస్తోంది.

తయారీ ఎలా ఉంటుందో చూడండి. ప్రోగ్రామర్ ముందు పాట కట్టడు, ముక్క వెతుకుతాడు. పాత రికార్డులోనో, ఎవరో ఎక్కించిన జాతర వీడియోలోనో చెవికి తగిలే రెండు మూడు సెకన్లు దొరికేదాకా వింటాడు. ఆ ముక్కే శాంపిల్. దాన్ని ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లాంటి సంగీత సాఫ్ట్‌వేర్‌లో పడేసి ముందు వేగం చూస్తాడు. క్లబ్ పాటలు ఎక్కువగా నిమిషానికి 120 నుంచి 130 బీట్ల మధ్య నడుస్తాయి. 128 అనుకుంటే ఒక్కో బీటు 469 మిల్లీసెకన్లు, నాలుగు బీట్ల బార్ 1.875 సెకన్లు, ఎనిమిది బార్లు సరిగ్గా 15 సెకన్లు. రీల్‌కి కొలిచి కుట్టినట్టు సరిపోయే నిడివి అది. అందుకే చెవిని పట్టేసే ఆ 15 సెకన్ల ముక్క, హుక్, ముందు పుడుతుంది, మిగతా పాటను దాని చుట్టూ అల్లుతారు.

కోత దగ్గరే సగం పనితనం తెలిసిపోతుంది. దెబ్బ మొదలయ్యే చోట, తరంగం సున్నా గీతను దాటే క్షణంలో కోయాలి. కాస్త అటూ ఇటూ అయితే లూప్ తిరిగిన ప్రతిసారీ ‘టిక్’ మని వినిపిస్తుంది. దానికి మూడు నుంచి ఐదు మిల్లీసెకన్ల ఫేడ్ పెడతారు. తర్వాత శ్రుతి. పాత టేపులు సరిగ్గా నేటి కీబోర్డు శ్రుతిలో ఉండవు. అర్ధస్వరాన్ని వంద సెంట్లుగా లెక్కిస్తే అవి ఇరవై ముప్ఫై సెంట్లు పైనో కిందో ఉంటాయి. అది సరిచూడకుండా బేస్ వేస్తే, ఏదో తేడా కొడుతోందని శ్రోతకు తెలుస్తుంది కానీ ఎక్కడో చెప్పలేడు. శ్రుతి మార్చినా రెండు మూడు అర్ధస్వరాలు దాటితే గొంతు చిన్నపిల్లల గొంతో రాక్షసుడి గొంతో అవుతుంది. ఆ తర్వాత శాంపిల్‌లో 120 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తారు, ఎందుకంటే 50, 60 హెర్ట్జ్ దగ్గర కొత్త కిక్, అంటే డ్రమ్ము లోతైన దెబ్బ, కూర్చోవాలి. కిక్ పడిన ప్రతిసారీ శాంపిల్ నాలుగైదు డెసిబెల్స్ అణిగి, సుమారు 120 మిల్లీసెకన్లలో తిరిగి లేచేలా సైడ్‌చెయిన్ కడతారు. పాట ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుంది చూడండి, అది ఇదే. కాలు కదిలేది దాంతోనే.

ఈ పద్ధతిలో ప్రపంచాన్ని ఊపిన పాట మనకు దగ్గరి చుట్టమే. బ్రిట్నీ స్పియర్స్ ‘టాక్సిక్’లో దూసుకొచ్చే ఆ వయొలిన్ల అరుపు, 1981 నాటి ‘ఏక్ దూజే కే లియే’లో లక్ష్మీకాంత్-ప్యారేలాల్ స్వరపరచిన పాటలోది. పాడింది లతా మంగేష్కర్, మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఆ హిందీ సినిమాకు మాతృక విశాఖ తీరంలో తీసిన ‘మరోచరిత్ర’. స్వీడన్ నిర్మాతలు ఆ వయొలిన్ ముక్కల్ని కోసి, వేగం పెంచి, 143 బీట్ల మీద కూర్చోబెట్టారు. 2005లో ఉత్తమ డాన్స్ రికార్డింగ్‌గా గ్రామీ వచ్చింది. స్వరకర్తలెవరో మనకు తెలుసు, పాడినవాళ్లెవరో తెలుసు. ఆ వయొలిన్లు వాయించిన వాళ్లెవరు? పాట ప్రాణం వాళ్ల కమానుల్లో ఉంది. వాళ్ల పేర్లు చెప్పగలిగినవారు మీకు ఎవరైనా తగిలారా?

ఇక్కడే నా వాదన అంతా ఉంది. పాటకు హక్కుంది, రికార్డింగ్‌కు హక్కుంది. వాయించిన చేతికి మాత్రం కాగితం మీద తప్ప ఏమీ దక్కడం లేదు. 1969లో అమెరికాలో ద విన్‌స్టన్స్ అనే బృందం రికార్డు చేసిన ఒక పాటలో గ్రెగరీ కోల్మన్ వాయించిన ఆరు సెకన్ల డ్రమ్ముల ముక్క ఆ తర్వాత వేల పాటల్లోకి వెళ్లింది. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత శాఖలే దాని మీద లేచాయి. కోల్మన్ 2006లో నిలువ నీడ లేకుండా చనిపోయాడు, ఆ ముక్క మీద అతనికి ఒక్క పైసా రాలేదు. బృంద నాయకుడికి 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఇచ్చారు. చందా! కోట్ల వ్యాపారానికి పునాది వేసిన శబ్దానికి దక్కింది చందా. తప్పెటగుళ్ళ కళాకారుడికి రేపు అది కూడా దక్కదు, ఎందుకంటే ఆ ముక్క ఎవరిదో రాసిపెట్టిన చోటే లేదు.

మన దరువును శాంపిల్ చేసేటప్పుడు ఏం చెడిపోతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే దొంగిలించినా బాగా దొంగిలించడం లేదు. మన జానపద దరువుల్లో చాలావరకు తిస్రగతి నడక ఉంటుంది, అంటే బీటును మూడుగా పంచుకుంటాయి. సాఫ్ట్‌వేర్‌లో దెబ్బలు పడే గళ్ల వరస, అంటే గ్రిడ్, మామూలుగా నాలుగుగా పంచుతుంది. 128 వేగంలో మూడో దెబ్బ పడాల్సింది 313 మిల్లీసెకన్ల దగ్గర. దెబ్బల్ని ఆ గళ్లలోకి లాగే క్వాంటైజ్ నొక్కగానే అది 352కి జారిపోతుంది. తేడా 39 మిల్లీసెకన్లే. కానీ తప్పెటగుళ్ళు చూసి పెరిగిన ఎవరి కాలైనా అక్కడ తడబడుతుంది. గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కి, అంటే మూడు పంపకానికి, మార్చుకుంటే ఈ రోగం పోతుంది, ఒక్క క్లిక్కు పని. ఇంకోటి, బృందం ఆడుతుండగా దరువు వేగం పెరుగుతూ పోతుంది. అది తప్పు కాదు, ఆ కళ ప్రాణమే అది. ప్రోగ్రామర్ ప్రతి దెబ్బకీ మార్కర్ పెట్టి గ్రిడ్ మీదికి లాగితే దరువు చచ్చిపోతుంది. బార్‌కు ఒక మార్కర్ పెట్టి, లోపలి దెబ్బల్ని వాటి మానాన వదిలేయాలి.

గజ్జెల గతి మరీ దారుణం. సెల్‌ఫోన్ వీడియోలో అప్పటికే కుదించుకుపోయిన ఆ పైస్థాయి శబ్దం, యాప్‌తో గొంతునూ వాద్యాన్నీ విడదీసేసరికి ఇసుక పోసినట్టు బుస కొడుతుంది. దాన్ని దాచడానికి స్టీరియోలో వెడల్పు చేస్తారు. జాతర రోజుల్లో డీజే బండి మీది బాక్సులు చాలాచోట్ల మోనోలో నడుస్తాయి కాబట్టి, ఎడమా కుడీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఆ గజ్జెలు మాయమైపోతాయి. చివరికి మన ఊరి శబ్దం మన ఊరి బండి మీదే వినిపించదు. గొంతు సంగతీ అంతే. ‘ఎల్దుము’, ‘సూడొలె’ అనేటప్పుడు మన యాసలో స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జారుతూ వెళ్తుంది. శ్రుతి దిద్దే ఆటోట్యూన్ వేగం గట్టిగా పెడితే ఆ జారుడు మెట్లుగా విరిగిపోతుంది. మాట మిగులుతుంది, యాస పోతుంది.

1987లో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంపిళ్ల యంత్రంలో మొత్తం శాంపిళ్లకు ఉన్న చోటు పది సెకన్లు. అందుకని నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డును 45 వేగంలో తిప్పి ఎక్కించుకుని, లోపల నెమ్మది చేసి వాడుకునేవారు. ఆ కరువులో ఏది తీసుకోవాలో ఆలోచించి తీసుకున్నారు. ఈనాడు చోటుకు కరువు లేదు, అందుకే మొత్తం చరణమే ఎత్తేస్తున్నారు.

చట్టం ఏమంటోంది? జానపద బాణీకి తెలిసిన కర్త లేకపోతే కాపీరైట్ అడిగేవాడు ఉండడు, నిజమే. కానీ బాణీకి కర్త లేకపోవచ్చు, వాయించినవాడు ఉన్నాడు కదా. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చింది, 2012లో గట్టిపడింది. ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. వ్యాపారానికి వాడితే రాయల్టీలో వాటా అడగొచ్చు, పేరు వేయమనవచ్చు, ప్రదర్శనను వంకర చేస్తే ఆపవచ్చు. ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే నిర్వచనంలో గాయకుడు, వాద్యకారుడే కాదు, గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. అయితే అందులోనే ఒక మెలిక ఉంది. సినిమాలో ఏదో యాదృచ్ఛికంగా చేసిన ప్రదర్శనకు టైటిల్స్‌లో గానీ మరెక్కడా గానీ పేరు వేయకపోతే, వక్రీకరణను అడ్డుకునే హక్కు తప్ప మిగతావాటికి అతను ప్రదర్శకుడి కిందే లెక్క కాదు. అంటే పేరు ఎగరగొడితే హక్కూ ఎగిరిపోయే దారి చట్టంలోనే ఉంది. ‘సాంప్రదాయం’ అన్న ఒక్క మాట క్రెడిట్లలో ఎందుకంత తేలిగ్గా పడుతుందో ఇప్పుడు అర్థమవుతోందా?

దీనికి తోడు యూట్యూబ్ యంత్రాంగం. కంపెనీ తన పాటను కాపీల్ని పట్టే కంటెంట్ ఐడీలో నమోదు చేస్తుంది. ఆ పాటలో మన బృందం దరువు యథాతథంగా ఉంటే, బృందం ఎప్పుడో ఎక్కించిన సొంత వీడియోనే కాపీ అని యంత్రం పట్టుకునే ప్రమాదం ఉంది. ఎవరు ముందు వాయించారో దానికి తెలియదు, ఎవరు ముందు నమోదు చేశారో అదే తెలుసు.

జానపదం అందరి సొత్తు, వెల కడితే ఎవరూ ముట్టుకోరు, ముట్టుకోకపోతే చచ్చిపోతుంది అనే వాదన ఉంది. అందులో కొంత నిజముంది. సాలూరు దగ్గర పుట్టిన రాజేశ్వరరావు గారి తరం నుంచి సినిమా సంగీతం పల్లె బాణీల్ని తీసుకుంటూనే వచ్చింది, మంచిదే. కానీ బాణీ తీసుకుని కొత్తగా వాయించుకోవడం వేరు, మరొకడు వాయించినదాన్ని ఫైలుగా ఎత్తుకోవడం వేరు. మొదటిది నేర్చుకోవడం. రెండోదానికి కూలి ఇవ్వాలి.

నిజానికి ఈ కథ సంగీతంతో మొదలైంది కాదు. ఉత్తరాంధ్ర నుంచి బయటికి పోయేదంతా ముడిసరుకుగానే పోతుంది. టెక్కలి చుట్టుపక్కల కొండల్లో తీసే నీలి గ్రానైట్ దిమ్మలుగా కోసి వెళ్లిపోతుంది, బజార్లో దాని పేరు ‘వైజాగ్ బ్లూ’. కొండ మనది, పేరు మాత్రం మన ఊరిది కాదు. శ్రీకాకుళం తీరంలో పుట్టిన జాలరి గుజరాత్‌లోని వెరావల్‌లో ఇంకొకరి బోటు ఎక్కుతాడు. చీపురుపల్లి, ఇచ్ఛాపురం వైపు నుంచి రైలెక్కినవాళ్లు హైదరాబాద్‌లో, చెన్నైలో మేడలు కడతారు. విలువ పెరిగే మెట్టు ఎప్పుడూ ఇంకో ఊళ్లో ఉంటుంది. దరువు కూడా అలాగే వలస పోతోంది, టికెట్ కూడా లేకుండా. మినహాయింపు ఒకటుంది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఎవరు చెక్కినా ఎక్కడ చెక్కాలో రాసి ఉంది. చెక్కిన చేతికి చేసిన పని, వాయించే చేతికి ఎందుకు చేయలేదు?

చేయడానికి కోట్లు అక్కర్లేదు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉండి, ద్వారం వెంకటస్వామి నాయుడు పాఠాలు చెప్పిన, ఘంటసాల చదువుకున్న సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది. అక్కడ ఒక గది చాలు. రెండు మైకులు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, 24 బిట్ 48 కిలోహెర్ట్జ్ రికార్డింగ్. తప్పెట కుడిచేయి దెబ్బ, ఎడమచేయి దెబ్బ, వేళ్ల దెబ్బ విడివిడిగా, ఒక్కోటి మూడు గట్టితనాల్లో పదేసి సార్లు, ఎందుకంటే ఒకే దెబ్బను తిప్పి తిప్పి వాడితే మెషీన్‌గన్‌లా వినిపిస్తుంది. గజ్జెలు వేరే ట్రాకులో. జముకు వాద్యం తీగ లాగే శబ్దం దగ్గరి నుంచి, ప్రతిధ్వని లేకుండా. ఆ తర్వాత మొత్తం బృందంతో ఒకసారి తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టి, ఒకసారి పెట్టకుండా.

మైకు ఆన్ చేయకముందే కాగితం మీద సంతకాలు పడాలి. వాయించినవాడి పేరు, ఊరు, వాయించిన తేదీ, ఏ వాద్యం, రికార్డింగ్ ఆదాయంలో వాటా. వాటా 20 శాతానికి తగ్గకూడదని నేనంటాను, బేరమాడుకోవచ్చు, కానీ ఖాళీ వదలకూడదు. ప్రతి రికార్డింగ్‌కు దాన్ని గుర్తుపట్టే పన్నెండు అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ తీసుకోవాలి, కంపెనీ కంటే ముందు మనమే నమోదు చేయాలి. ఫైలుకు పెట్టే పేరు దగ్గర కూడా అజాగ్రత్త వద్దు, ఎందుకంటే ఒక ప్రోగ్రామర్ నుంచి ఇంకొకరికి చేతులు మారేటప్పుడు ఒప్పంద పత్రం వెంట వెళ్లదు, ఫైలు పేరు వెళ్తుంది. ‘ఫోక్ లూప్ 07’ అని కాదు. ‘గజపతినగరం, తప్పెట, కుడిచేయి, 128’ అని.