సూప్ లేని రామెన్

జపాన్‌లోని ఫుకువోకా దాకా వచ్చి రామెన్, అదే వేడి సూప్‌లో వేసిచ్చే నూడుల్స్, తినకుండా వెళ్తే ఎలా అని, బావగారిని రాత్రి ఓ చిన్న దుకాణానికి తీసుకెళ్లాను. పంది ఎముకల్ని గంటల తరబడి మరిగించి తెల్లగా, చిక్కగా తీసే సూప్‌తో చేసే టొంకొట్సు రామెన్‌కి ఈ ఊరు పేరు. ఆ సంగతి ముందే చెప్పాను, ఆయనకి అభ్యంతరం లేదు. అక్క మాత్రం శనివారమని మా ఇంట్లోనే పులిహోరతో ఉండిపోయింది. తర్వాత జరిగినదానికి సగం కారణం అక్క పక్కన లేకపోవడమే.

గుమ్మంలోనే టికెట్ మెషిన్. డబ్బులు అందులో వేసి, కావలసిన వంటకానికి చీటీ తీసుకోవాలి. బావగారు దర్జాగా కొత్త వెయ్యి యెన్ల నోటు పెట్టారు. వెనక్కి వచ్చేసింది. 2024 జులైలో జపాన్ కొత్త నోట్లు తెచ్చింది గానీ, చిన్న దుకాణాల మెషిన్లలో చాలావాటికి ఆ కబురు చేరలేదు. ఆయన నోటుని ప్యాంటు మీద సాపు చేసి మళ్లీ పెట్టారు. మళ్లీ వచ్చేసింది. "దొంగనోటు కాదు కదా?" అంటూ లైటుకి ఎత్తి చూస్తే, వెనక క్యూలో ఉన్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు. నా పాత నోటుతో ఆ గండం గడిచింది.

ఇక్కడి నూడుల్స్ బాగా సన్నం. ఇట్టే ఉడుకుతాయి, అంత త్వరగానూ మెత్తబడిపోతాయి. అందుకని ఒకేసారి ఎక్కువ వేయరు. అయిపోయాక 'కయెదమ' అని మరో విడత నూడుల్స్ ఇస్తారు. ఈ ఊరి నగహమ చేపల మార్కెట్లో తీరిక లేని జనం కోసం మొదలైన పద్ధతి ఇది. అయితే సూప్ మళ్లీ పోయరు, మనమే మిగుల్చుకోవాలి. నేను ఈ చివరి ముక్కకి వచ్చేసరికి బావగారి ముందు గిన్నె దిగింది. ఇక ఆయనకి నా మాటలేం వినిపిస్తాయి!

కౌంటర్ పొడవునా జనం జుర్రుతున్నారు. ఇంట్లో చారు జుర్రితే అక్క చూపుతోనే ఆపేస్తుంది.

"ఇక్కడ చప్పుడు చేస్తే తప్పు కాదా?"

"కాదు బావగారూ."

ఆ ఒక్క మాట చాలింది. మొదటి జుర్రుకే పక్కాయన కళ్లజోడు మీద చుక్కలు పడ్డాయి. నూడుల్స్ అయ్యాక గిన్నెని రెండు చేతులా ఎత్తి, అడుగు కనిపించేదాకా దింపలేదు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే కయెదమ చీటీ కుర్రాడికి ఇచ్చేశారు.

వేడి నూడుల్స్ చుట్ట పొడి గిన్నెలో ధబ్బున పడింది. కుర్రాడు గిన్నెని చూశాడు, బావగారిని చూశాడు, ఆఖరికి నన్ను చూశాడు.

బావగారు మాత్రం కంగారు పడలేదు. కౌంటర్ మీదున్న కారం తకానా డబ్బా తెరిచారు. ఆవజాతి ఆకుల్ని ఊరబెట్టి మిరపకాయతో వేయించిన పచ్చడి అది. కొంచెం నాలుక మీద వేసుకుని, "ఒరేయ్, ఇది మనదే!" అని సగం డబ్బా బోర్లించారు. చొక్కా చేతులు పైకి మడుస్తుంటే విషయం అర్థమై మణికట్టు పట్టుకున్నాను. అయిష్టంగానే పుల్లలతో కలుపుకున్నారు.

తృప్తిగా లేస్తూ వంద యెన్ల నాణెం కౌంటర్ మీద పెట్టారు. నాలుగడుగులు వేశామో లేదో, వెనక నుంచి కేకలు. కుర్రాడు పరుగున వస్తున్నాడు.

"పచ్చడి డబ్బుల కోసం! పద, పద!" అని బావగారు వేగం పెంచారు.

సిగ్నల్ దగ్గర దొరికిపోయాం. కుర్రాడు ఆయాసపడుతూనే నాణేన్ని ఆయన చేతిలో పెట్టి, నడుం వంచి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఇక్కడ టిప్పులు తీసుకోరని చెప్పాను.

బావగారు నాణెం జేబులో వేసుకున్నారు. "అంటే పచ్చడి ఊరికేనన్నమాట. రేపు ఇంకాస్త తొందరగా వద్దాం."