సాధువే, కానీ తన గూటి దగ్గర కాదు

ఉప్పునీటి అక్వేరియంలలో పెంచే డాటీబ్యాక్ అనే చిన్న రంగురంగుల చేపలు, తొట్టెల్లోనే పుట్టి పెరిగినవైతే సాధుజీవులని ఒక వ్యాసంలో చదివాను. సగమే ఒప్పుకుంటాను. విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో రెండేళ్లుగా అలాంటి ఆర్కిడ్ డాటీబ్యాక్ ఒకటి ఉంది. ఎర్ర సముద్రపు జాతి, వేలెడంత ఊదారంగు చేప. (సముద్రం పక్కనే ఉండి తొట్టె నీళ్లలో కలపడానికి ఉప్పు కొనడమేమిటని బంధువులు ఇప్పటికీ నవ్వుతారు.) క్లౌన్ చేపలతో దానికి పేచీ లేదు. నేను చేసిన తప్పల్లా దాన్ని అందరికంటే ముందు వదలడమే. తరువాత తెచ్చిన ఫైర్‌ఫిష్ అనే మరో చిన్న చేపను వారం రోజులు మూల నుంచి కదలనివ్వలేదు. రాళ్ల అమరిక మార్చి, అది గీసుకున్న హద్దులు చెరిపేశాకే శాంతించింది. చిన్న రొయ్యలను మాత్రం దాని తొట్టెలో వేయకండి, వాటిని అది తిండిగానే చూస్తుంది. అయినా సగం ఊదా, సగం పసుపు రంగుండే రాయల్ డాటీబ్యాక్ పొగరుతో పోలిస్తే మాది పసిపాపే.