పన్నెండు ట్రిప్పులా, మూడు మకాములా?

రిటైరయ్యాక ఏడాది మొత్తం చేతిలో ఉంటుంది. దాన్ని ప్రయాణాలకి ఎలా పంచుకోవాలన్నదే ఈ భార్యాభర్తల తగువు. నెలకొక చిన్న ట్రిప్పు వేద్దామంటారు ఆయన. ఏడాదికి మూడు చోట్లే, ఒక్కోచోట ఇరవయ్యేసి రోజులు మకాం వేద్దామంటుంది ఆవిడ. ఇద్దరికీ అరవయ్యయిదు దాటాయి. ఆయనకి బీపీ, ఆవిడకి షుగర్. ఇద్దరి మధ్య బల్ల మీద వచ్చే ఏడాది క్యాలెండర్ ఉంది. దాని మీద ఆయన ఎర్ర పెన్నుతో అప్పటికే పన్నెండు సున్నాలు చుట్టారు.

ఆయన: ఐదేసి రోజుల చొప్పున నెలకొకటి. పన్నెండైదులు అరవై. నువ్వు చెప్పే మూడిరవైలూ అరవయ్యే. రోజులు సమానమైనప్పుడు పన్నెండు ఊళ్లు చూడటం మానేసి మూడింటితో సరిపెట్టుకోవడం ఎందుకు?

ఆవిడ: రోజులు సమానమే గానీ దారి సమానం కాదు కదండీ. ఐదు రోజుల్లో వెళ్లే రోజొకటి, వచ్చే రోజొకటి పోతే చేతికి మిగిలేది మూడు. పన్నెండు సార్లకి 24 రోజులు దారిలోనే పోతాయి, 36 మిగులుతాయి. మకాములకైతే దారి 6 రోజులు, ఉండేది 54 రోజులు. ఇక వెళ్లేముందు రెండు రోజుల సర్దుడు, వచ్చాక రెండు రోజుల ఉతుకుడు ఈ లెక్కలో వేయనేలేదు. మనల్ని అలసగొట్టేది ఊళ్లో ఉండటం కాదు, ఊరు దాటడం.

ఆయన: దారిని నువ్వు నష్టం ఖాతాలో రాస్తున్నావు. నేను అలా రాయను. అసలు బయల్దేరక ముందు నుంచే మొదలవుతుంది సంతోషం. 2010లో నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద చేసిన పరిశీలన అచ్చయింది. సెలవుకి వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం చాలామందిలో ఆ తేడా నిలవలేదు. అంటే ఎదురుచూపులోనే ఉంది అసలు లాభం. మూడుసార్లు ఎదురుచూడటం మేలా, పన్నెండుసార్లా?

ఆవిడ: అది బాగానే ఉంది, కాదనను. అయితే ఇంకొకటి కూడా చూడండి. మూడు వారాల సెలవు పెట్టిన ఉద్యోగుల్ని గమనిస్తే వాళ్ల హాయి ఎనిమిదో రోజుకి తారస్థాయికి చేరిందట. మీ ఐదు రోజుల ట్రిప్పులో ఎనిమిదో రోజే లేదు. హాయి పెరుగుతూ ఉండగానే మనం పెట్టె మూసి బయల్దేరతాం.

ఆయన: వాళ్లు ఉద్యోగులు. ఆఫీసు బరువు దిగడానికి వాళ్లకి వారం పడుతుంది. మనకి దించుకోవాల్సిన బరువేముంది? ఇంట్లో ఉన్నా మనకి తొందర లేదుగా.

ఆవిడ: సరే, ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఉద్యోగుల లెక్క మనకి అతకదు. పోనీ శరీరం సంగతే మాట్లాడుకుందాం. నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమే కానక్కర్లేదు. బస్సయినా, రైలయినా, కారయినా అంతే. తక్కువ వ్యవధిలో ఎక్కువ ప్రయాణాలు చేస్తే ముప్పు ఇంకా పెరుగుతుందనీ అందులోనే ఉంది. ఎందుకంటే దిగిన రోజుతో అది పోదు, కొన్ని వారాలు వెంట ఉంటుంది. నెలకొకసారంటే పాతది తీరకముందే కొత్తది మొదలుపెట్టడమేగా.

ఆయన: అదే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. సుమారు 6,000 మందిలో ఒకరికి. దానికి భయపడి ఇంట్లో కూర్చుంటామా?

ఆవిడ: ఆ అంకె ఆరోగ్యంగా ఉన్నవాళ్లది. మన వయసుకి అది పెరుగుతుందే గానీ తగ్గదు. ఇంట్లో కూర్చోమని నేనూ అనడం లేదు. నడవా పక్క సీటు తీసుకుని గంటకోసారి లేవాలి. కూర్చున్నచోటే మడమలు నేలకి ఆనించి వేళ్లు పైకెత్తడం, తర్వాత వేళ్లు ఆనించి మడమలు ఎత్తడం, ఇలా ఇరవయ్యేసి సార్లు చేయాలి. మీరేమో కిటికీ సీటు కావాలంటారు. పక్కవాళ్లని లేపడం మొహమాటం అని ఆరు గంటలు కదలరు. పైగా దారిలో బాత్రూం వెతుక్కోవాలని పొద్దున వేసుకోవాల్సిన మూత్రం మాత్ర ఎగ్గొడతారు, నీళ్లు తాగడం మానేస్తారు. బీపీ పెరగడం, కాళ్లు వాయడం అక్కడే మొదలు. ఆ మాత్ర వేళ మార్చుకోవచ్చేమో డాక్టర్ని అడగాలి గానీ సొంతంగా మానేయకూడదు. ప్రయాణం రోజుకొచ్చే ఇబ్బందులే ఇవన్నీ. 24 సార్లు కావాలా, ఆరుసార్లు చాలా అన్నదే ప్రశ్న.

ఆయన: కిటికీ సీటు వదులుకుంటాను. ముందుకి పద.

ఆవిడ: రెండోది నిద్ర. కొత్తచోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం పూర్తిగా నిద్రపోదని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు. కాపలా ఉన్నట్టు ఎడమ అర్ధభాగం కాస్త మెలకువగానే ఉంటుందట. అలా సగం నిద్రతో, చీకట్లో, తెలియని గదిలో మంచం దిగి బాత్రూంకి వెళ్లినప్పుడే మన వయసువాళ్లు పడేది. తడి పలకలు, ఎత్తుగడప, కాలెత్తి దిగాల్సిన టబ్బు, వీటిలో ఏదో ఒకటి కాచుకుని ఉంటుంది. అందుకే గదిలో దిగగానే పెట్టె విప్పక ముందే మంచం నుంచి బాత్రూం దాకా ఓసారి నడిచి చూసుకోవాలి. దారిలో స్టూలూ చాపా ఉంటే పక్కకి లాగాలి, స్విచ్ ఎక్కడుందో చేత్తో తడిమి గుర్తుపెట్టుకోవాలి, చిన్న నైట్ ల్యాంప్ ఒకటి గుచ్చుకోవాలి. మీ పన్నెండు ట్రిప్పుల్లో ఊరికి రెండు హోటళ్లనుకున్నా 24 మొదటి రాత్రులు. నా లెక్కలో మూడు. ఇక మూడోది ఎత్తు. మే దగ్గర లేహ్ అని రాశారు. అది సుమారు 3,500 మీటర్ల ఎత్తు. విమానంలో నేరుగా దిగితే మొదటి రెండు రోజులు మెట్లు కూడా మెల్లగా ఎక్కుతూ విశ్రాంతి తీసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. ఐదు రోజుల్లో దారికి రెండు, విశ్రాంతికి రెండు పోతే ఇంకేం చూస్తాం? రోజులు తక్కువనే తొందరలోనే జనం ఆ విశ్రాంతి ఎగ్గొట్టి తలనొప్పీ వాంతులతో మంచం పడతారు. ఎత్తు ఇబ్బంది రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర ఉందిగా అంటారేమో. మీరు ఇప్పటికే మూత్రం మాత్ర వాడుతున్నారు. రెండూ కలిస్తే ఒంట్లో పొటాషియం పడిపోవచ్చు. డాక్టర్ని అడక్కుండా వేసుకునేది కాదది.

ఆయన: ఎత్తు విషయంలో నీదే నెగ్గింది. లేహ్ కొట్టేస్తాను. కానీ పెరూ కొట్టను. అక్కడి కొండకోట మాచు పిచ్చు అంత ఎత్తు కాదు, 2,430 మీటర్లే.

ఆవిడ: మాచు పిచ్చు కాదండీ, ముందు దిగే కుస్కో చూడండి. అది సుమారు 3,400. అందరూ కొండ మీది కోటకి భయపడతారు, ఇబ్బంది పెట్టేది ఊరు. దిగగానే కిందనున్న లోయకి వెళ్లిపోయి అక్కడ రెండు మూడు రాత్రులు పడుకుని, మాచు పిచ్చు చూసుకుని, కుస్కోని చివరికి పెట్టుకుంటే ఒంటికి హాయి. కానీ అలా తిప్పుకోవడానికి రోజులుండాలి. అందుకే ఇరవై అంటున్నా.

ఆయన: ఇరవై రోజులకి సామాను ఎంతవుతుందో ఆలోచించావా? ఆ పెద్ద సూట్‌కేస్ 23 కిలోలకి తగ్గదు. దాన్ని ఎత్తేది ఎవరు? నడుం పట్టేసేది ఎవరికి?

ఆవిడ: పెద్దది ఎవరు తెమ్మన్నారు? ఐదు రోజులకైనా ఇరవై రోజులకైనా బట్టలు ఏడు జతలే. వారానికోసారి ఉతుక్కుంటే సరి. మనిషికొకటి, ఎనిమిది కిలోల చిన్న పెట్టె చాలు. నాలుగు చక్రాలది.

ఆయన: నాలుగు చక్రాలది వద్దు. వాలు మీద చేయి వదిలితే దొర్లిపోతుంది, రాళ్లబాట మీద చక్రం విరుగుతుంది. రెండు చక్రాలదే గట్టిది.

ఆవిడ: రెండు చక్రాలదాన్ని వంచి లాగాలి. కొంత బరువు భుజం మీదే పడుతుంది. మీ కుడి భుజం ఇప్పటికే సరిగా లేదు. స్టేషన్లో నున్నటి నేల మీద నిలువుగా పక్కన తోసుకుంటూ పోయేదే మనకి మంచిది.

ఆయన: మనం వెళ్లేవన్నీ నున్నటి నేలలేనా? పాత ఊళ్లలో సగం రాళ్లే. పెట్టె విషయం నాకొదిలేయ్.

ఆవిడ: పెట్టె వదిలేస్తాను. మందులు మాత్రం ఒకే పెట్టెలో వద్దు. ఇద్దరి మందులూ సగం సగం ఇద్దరి చేతిసంచుల్లో ఉండాలి. ఇన్సులిన్ అసలు లగేజీలో వేయకూడదు. సామాను అరలో గడ్డకట్టిందంటే కరిగాక మామూలుగానే కనిపిస్తుంది గానీ పనిచేయదు. హోటల్ ఫ్రిజ్‌లో కూడా వెనక గోడకి ఆనించకుండా తలుపు అరలో పెట్టాలి.

ఆయన: నువ్వే ఎత్తావు గనక అడుగుతున్నా. ఇరవై రోజుల మకాంలో అవి అయిపోతే? ఊరుగాని ఊళ్లో నీ మందు అదే పేరుతో దొరుకుతుందా? నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు కొన్ని దేశాల్లో కాగితం లేకుండా తీసుకెళ్లనివ్వరు. ఇన్సూరెన్స్ కూడా చూడు. ఏడాది పొడవునా ఎన్ని ట్రిప్పులకైనా వర్తించే పాలసీలు ఒక్కో ట్రిప్పుకి ఇన్ని రోజులే అని హద్దు పెడతాయి. విమానం రద్దయి ఆ హద్దు దాటితే ఆ తర్వాత ఏం జరిగినా మన జేబులోంచే. నువ్వు ఇరవయ్యితో ఆగుతావా అంటే, నిరుడు మూడు నెలలన్నావు. ఒకే వీసాతో తిరిగే యూరప్ షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకి మించి ఉండనివ్వరు. ఇక ఇల్లు. ఐదు రోజులకైతే తాళం వేసి వెళ్లిపోతాం. ఇరవై రోజులకైతే గ్యాస్ వాల్వు, నీళ్ల మెయిన్ కట్టేయాలి. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, తలుపు కొంచెం తెరిచి ఉంచకపోతే లోపల బూజు పడుతుంది. కారు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. వచ్చాక పైపుల్లో నిలిచిన నీళ్లలో బాక్టీరియా చేరి ఉండొచ్చు, ప్రతి కుళాయీ కొన్ని నిమిషాలు వదిలేయాలి. షవర్ అయితే తుంపరలు పీల్చకుండా దూరంగా నిలబడి. వీటన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. ప్రయాణం కూడా అలవాటేనే. నాలుగు నెలలు కదలకుండా ఉండి ఒక్కసారిగా రైల్వే మెట్ల ముందు నిలబడితే కాళ్లు మాట వినవు. నెలనెలా వెళ్లేవాడికి ఏ సంచిలో ఏముందో చేతికి తెలుసు. మనలో ఒకరికి జ్వరమొచ్చి మకాం రద్దయితే ఏడాదిలో మూడో వంతు పోయినట్టు. అదే ఒక ట్రిప్పు పోతే పన్నెండో వంతే. ఈ వయసులో అన్నీ మూడు మూటల్లో కట్టడం నాకు ధైర్యం చాలదు.

ఆవిడ: మీరు చెప్పినవాటిలో ఇల్లూ పాలసీ ముందే సర్దుకోగలం. పాలసీ కొనేటప్పుడు బీపీ, షుగర్ దాచకుండా రాసి, రోజుల హద్దు చూసి, దానికి వారం తగ్గించి టికెట్ తీసుకుంటే సరి. మందులు వెళ్లే రోజులకి ఇంకో వారం కలిపి, ఒరిజినల్ ప్యాకెట్లలో, మందు అసలు పేరు రాసిన చీటీతో పట్టుకెళ్దాం. తెరిచిన ఇన్సులిన్ పెన్ను చాలా రకాల్లో 28 రోజులు బయట ఉంచొచ్చు, వేడి 30 డిగ్రీలు దాటనీయకపోతే చాలు. ఇరవై రోజులు అనడానికి అదీ ఒక కారణమే. కానీ కాళ్ల అలవాటు అన్నారే, దానికి నా దగ్గర జవాబు లేదు. రోజూ నడిచినంత మాత్రాన పెట్టె పట్టుకుని మెట్లెక్కే ఓపిక రాదు. మూడు మూటల మాటా నిజమే.

ఆయన: నిజమైనప్పుడు సున్నాలు ఉండనీ.

ఆవిడ: కొన్ని ఉండనిస్తాను, కొత్త ఊళ్లుగా కాదు. ఆ మొదటి రాత్రి పరిశోధనలోనే ఇంకో సంగతి ఉంది. వారం తర్వాత అదే చోట మళ్లీ పడుకున్నప్పుడు ఆ సగం మెలకువ దాదాపు లేదు. అందుకని చిన్న ట్రిప్పులన్నీ ఒకే చోటికి పెట్టుకుందాం. ఇంటి నుంచి మూడు గంటల లోపు దారి, అదే బస, వీలైతే అదే గది. మంగళవారం వెళ్లి శుక్రవారం వచ్చేద్దాం. ఆ రోజుల్లో రద్దీ ఉండదు, మనకి సెలవులతో పనిలేదు. జ్వరమొస్తే ఆ రాత్రికే ఇంటికి రావచ్చు.

ఆయన: ఒకే చోటా? ఏడాదంతా అదే కొండ, అదే చెరువు చూస్తూనా?

ఆవిడ: నాలుగుసార్లు. నాలుగు కాలాల్లో. ఎండిపోయిన చెరువూ నిండిన చెరువూ ఒకటేనా చెప్పండి. కొత్తదనం కావాలంటే మూడు మకాములున్నాయిగా.

ఆయన: నాలుగు కాదు, ఐదు.

ఆవిడ: సరే, ఐదు. అందులో మూడు మాత్రం ఒక్కో మకాంకి నెల ముందు పడాలి. కొత్త బూట్లు, కొత్త మాత్ర, కొత్త కళ్లద్దాలు, ఏదైనా సరిపోకపోతే అక్కడే తేలిపోవాలి. మకాంలో తేలకూడదు.

(ఆవిడ పెన్ను తీసుకుని లేహ్ దగ్గర మొదలుపెట్టి ఏడు సున్నాలు కొట్టేసింది. మార్చి, జులై, నవంబరు నెలల్లో ఇరవయ్యేసి రోజుల మీదుగా మూడు పొడవాటి గీతలు గీసింది.)

ఆయన: పెట్టె రెండు చక్రాలదే తీసుకుంటాను.

ఆవిడ: తీసుకోండి. కొన్నరోజే ఎనిమిది కిలోలు నింపి, ఆ భుజంతోనే తల ఎత్తుకి మూడుసార్లు ఎత్తి చూడండి. మూడోసారి చేయి వణికితే మర్నాడే మార్చేద్దాం.