గాంధీనగర్‌ను పెంచింది బండి కోసం ఆగినవాళ్లే

బెజవాడ స్టేషన్ మాటెత్తితే రద్దీతో మొదలుపెట్టి రద్దీతోనే ముగిస్తాం. దాని ఎదురుగా ఉన్న గాంధీనగర్‌కీ, పక్కన గవర్నర్‌పేటకీ ఇంత కళ వచ్చింది ఆ రద్దీ వల్లనే అన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. తర్వాత ఢిల్లీ లైను కూడా వచ్చి కలవడంతో ఊరు పెద్ద జంక్షనైంది. జంక్షనంటే ఎక్కేవాళ్లు, దిగేవాళ్లే కాదు, ఆగేవాళ్లు కూడా. బండి మారేలోగా దొరికే రెండు మూడు గంటలు టిఫినుకో, మ్యాట్నీకో, పుస్తకాల షాపుకో పోయేవి. బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి పరిగెత్తినవాళ్లు ఎందరో!

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఇక్కడి రామమోహన గ్రంథాలయంలోనే. గ్రంథాలయోద్యమ నేత అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో జిల్లాల నుంచి ప్రతినిధులు కదిలొచ్చారు. రైలు సౌకర్యం లేని ఊళ్లో అది అంత తేలిగ్గా జరిగేది కాదని నా అభిప్రాయం. విశాలాంధ్ర, నవోదయ లాంటి ప్రచురణ సంస్థలు, గవర్నర్‌పేటలోని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల బంకులు తర్వాతి కథ. ఇక హనుమంతరాయ గ్రంథాలయం పేరుకే గ్రంథాలయం, ఊరివాళ్లకది నాటకాల హాలు.

సినిమావాళ్ల సంగతి మరీ స్పష్టం. డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు గాంధీనగర్‌లో గుమిగూడాయంటే స్టేషన్ దగ్గరుండటం చిన్న కారణం కాదు. సినిమా రీళ్ల పెట్టె రైల్లో వచ్చే ఆ రోజుల్లో “బాక్సు వచ్చిందా?” అన్నది థియేటర్ల దగ్గర అభిమానుల మొదటి ప్రశ్న. డిజిటల్ వచ్చాక ఆ బాక్సే లేదు.

ప్రయాణికుడూ మారాడు. దిగుతూనే ఫోన్లో కారు పిలుచుకుని వెళ్లిపోతున్నాడు. స్టేషన్ల ఆధునికీకరణ అనగానే లాంజ్‌లు, ఫుడ్‌కోర్టులు, లోపలే దుకాణాలు అంటున్నారు. తిండీ, కాలక్షేపమూ లోపలే తీరిపోతే బయటి పేటకి మిగిలేది హారన్లూ పొగా.

లోపల సౌకర్యాలు వద్దనను. కానీ తూర్పు ద్వారం నుంచి లెనిన్ సెంటర్ దాకా ఆటోలు, బైకులు ఎక్కని ఫుట్‌పాత్ కూడా ఆ ప్లాన్‌లోనే ఉండాలి. క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టి వచ్చినవాడికి పుస్తకాల షాపులెటో, ఈ సాయంత్రం ఏ హాల్లో ఏ నాటకముందో చెప్పే బోర్డు ద్వారం దగ్గరే కనిపించాలి. పాత పుస్తకాల బంకుల్ని ఆక్రమణల జాబితాలోంచి తీసి ఆ ప్లాన్‌లో చోటివ్వాలి.