ఖాళీ స్లాట్‌లో వేరేవాళ్ల షో వేయొద్దు
జనమే కలిసి ఆడియో ఎపిసోడ్లు చేసి నెట్‌లో పెట్టే కమ్యూనిటీ పాడ్‌కాస్ట్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఎపిసోడ్లు తగ్గిపోతాయి, అప్పుడు ఎవరో ఒకరు ఫలానా ఛానల్ వాళ్ల పాత ఇంటర్వ్యూలు ఉన్నాయి కదా, అడిగి తెచ్చి వేసేద్దాం అంటారు. మా కర్నూల్లో పాడ్‌కాస్ట్ నడుపుతున్న పిల్లోళ్ల మధ్య కూడా ఇప్పుడు ఇదే చర్చ నడుస్తాంది. నా మాటైతే ఒకటే, వద్దు.

హ్యాకర్ పబ్లిక్ రేడియో అని ఒక పాడ్‌కాస్ట్ ఉంది చూడండి, 2005లో వేరే పేరుతో మొదలై 2007 డిసెంబర్ 31 నుంచి ఈ పేరుతో నడుస్తాంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో షో, వినేవాళ్లే చేసి పంపుతారు. పంపినదాన్ని ముందే విని బాగుంది, బాలేదు అని ఎవరూ తేల్చరు, ఎడిట్ చేయరు, క్యాలెండర్లో ఖాళీ చూసుకుని స్లాట్ మనమే తీసుకోవాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇస్తారు కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, చేసినోళ్ల పేరు చెప్పాలి, మార్చి పంచితే అదే లైసెన్స్ పెట్టాలి.

ఆ ఖాళీ కనిపిస్తేనే కదా, ఇన్నాళ్లూ ఊరికే వినేవాళ్లు అరే నేనొకటి చేద్దామా అనుకునేది. అక్కడ స్టూడియో సౌండ్‌తో, మ్యూజిక్‌తో మెరిసిపోయే రెడీమేడ్ షో పెట్టేస్తే ఫోన్లో రికార్డ్ చేసే కొత్తోళ్లు మనవల్ల యాడయితుందిలే అని వెనక్కి పోతారు. పైగా దాన్ని అప్పటికే ఆ ఛానల్లో విన్నోళ్లు ఇక్కడ మళ్లీ ఎందుకు వింటారు? ఇంక ఆ ఎపిసోడ్ వెనకాల ఏదో సినిమా పాట మోగుతుంటుంది, దాని హక్కు ఆ ఛానల్ వాళ్లకే ఉండదు, మనకెట్ల ఇస్తారు?

తొలకరి పడగానే మన జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం ఎగబడతారు, ఎవరికి దొరికింది, ఎన్ని లక్షలు పలికింది, టీవీల్లో అదే వార్త. విత్తనమేసిన చేను తొక్కుడు పడితే ఆ రైతుకి ఎట్లుంటుందో ఆయన నోటితోనే పావుగంట చెప్పించొచ్చు కదా, మైకులో గాలి కొట్టినా, మధ్యలో ట్రాక్టర్ పోయినా సరే, నేనైతే చివరిదాకా వింటా. అట్లాంటిది బయటి షోలో ఎప్పటికీ రాదు.

మన జిల్లాకి ఇదేం కొత్త కాదు. ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడోళ్లు 2002లో మన రేడియో అని చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలుపెట్టి ప్రోగ్రాములు సొంతంగా చేసినారు, లైసెన్స్ లేదని 2003లో మూయించేసినారు. తర్వాత 2006లో కేంద్రం తెచ్చిన కమ్యూనిటీ రేడియో పాలసీలో కనీసం 50 శాతం ప్రోగ్రాములు స్థానికుల భాగస్వామ్యంతోనే తయారవ్వాలని రాసినారు. పాడ్‌కాస్ట్‌కి ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు, అట్లాంటి పర్మిషన్ గొడవ లేదు, అయినా మనం అంతకంటే తక్కువకి దిగజారితే ఎట్లా?

పూర్తిగా తలుపులు మూసేయమని కాదు, ఎవరికీ తెలియని చిన్న షోని పరిచయం చేయడానికి ఒక్క ఎపిసోడ్ వేసుకోవచ్చు, ఇది ముందే ఫలానా చోట వచ్చిందని మొదట్లోనే చెప్పాలి, చేసినోళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. ఎపిసోడ్లకి కరువొచ్చినప్పుడు వాడుకోడానికి మనోళ్లవే కొన్ని ఎపిసోడ్లు రిజర్వ్‌లో పెట్టుకోవాలి, అవీ అయిపోతే ఆ వారం షో లేదని చెప్పేయండి, స్లాట్ ఖాళీగా ఉంది ఎవరైనా వస్తారా అని అడగండి.