సవరణ: ఒరెగాన్ ట్రెయిల్‌లో బండ్లు లాగింది ఎద్దులు

అమెరికాలో మిస్సోరీ నుంచి పడమటి తీరంలోని ఒరెగాన్‌కు వెళ్లే పాత వలస దారి ఒరెగాన్ ట్రెయిల్. దాని మీద మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. 1840లలో మిస్సోరీ నుంచి పడమటికి వలస వెళ్లిన కుటుంబాలు గుర్రపు బండ్లలో కూర్చుని వెళ్లాయని రాశాను. కాదు. బండ్లను ఎక్కువగా లాగింది ఎద్దులు. కొందరు కంచరగాడిదలను కట్టేవారు. ఎద్దులు గుర్రాలకంటే చవక, దారిలో దొరికిన గడ్డితోనే నెట్టుకొచ్చేవి.

ఇక కూర్చోవడం అంటారా, బండి తొట్టి వెడల్పు సుమారు 4 అడుగులు, పొడవు 10. పిండి బస్తాలు, ఉప్పు మాంసం, పనిముట్లతోనే అది నిండిపోయేది. స్ప్రింగులు లేవు. ఆ కుదుపులకి పొద్దున బండికి వేలాడదీసిన పాలలో సాయంత్రానికి వెన్న తేలేది! అందుకే పసిపిల్లలు, జబ్బుపడ్డవాళ్లు తప్ప దాదాపు అందరూ ఆ 3,200 కిలోమీటర్లలో చాలా భాగం నడిచే వెళ్లారు.

రెండోది ఇంకా పెద్ద తప్పు. దారిలో చావులకు ముఖ్య కారణం ఆదివాసుల దాడులని రాశాను. ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది కలరా లాంటి జబ్బులు. నదుల్లో మునిగి, చక్రాల కింద పడి, తుపాకులు పొరపాటున పేలి పోయినవాళ్లూ ఉన్నారు. ఆదివాసులు చాలాచోట్ల దారి చూపారు, నదులు దాటించారు, తిండి ఇచ్చి బదులుగా బట్టలు తీసుకున్నారు. వాళ్ల మీద అంత నింద వేసినందుకు క్షమించండి. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.