దుంగగారి విచారణ

‘వ్యర్థ కలపతో వేడి, విద్యుత్తు’ అని శీర్షిక. కింద ఫొటోలో లారీ నిండా దుంగలు, ఒక్కొక్కటీ దూలానికి పనికొచ్చేంత నిటారుగా. ఆ శీర్షిక పెట్టిన మహానుభావుడికి తన ఇంటి తలుపులు కూడా చెత్తగానే కనిపిస్తాయేమో.

కోత మిల్లులో మిగిలే రంపపు పొట్టు, బెరడు, చిత్రిక పడితే రాలే తుక్కు వ్యర్థమే, కాదనను. వాటిని అక్కడే కాల్చి, కలప ఆరబెట్టే గదులకు వేడీ, యంత్రాలకు కరెంటూ తీసుకోవడం బుద్ధిమంతుల పని. కానీ బాయిలరు ఆకలి పొట్టుతో తీరదు. అందుకే నిక్షేపంలాంటి చెట్లకు కూడా వ్యర్థ పట్టాలు ఇస్తున్నారు.

ఆ పట్టాలిచ్చే కార్యాలయం నా కళ్ల ముందు కదులుతూ ఉంటుంది. దుంగగారిని గుమాస్తా బల్ల ముందు నిలబెట్టారు.

“వయసు?”

“ఎనభై వలయాలండీ.”

“వంకరా?”

“లేదండీ.”

“పుచ్చు?”

“లేదండీ. ఒకచోట వడ్రంగిపిట్ట పొడిచింది, అంతే.”

“పొడిచిందా! రాసుకోవయ్యా, లోపభూయిష్టం.”

“నా కొమ్మల మీద మూడు గూళ్లు ఉండేవండీ...”

“దానికి ఈ ఫారంలో గడి లేదు. తర్వాత!”

వెనక నుంచి రంపపు పొట్టు బస్తా గొంతు చించుకుంటుంది: “అయ్యా, అసలు వ్యర్థాన్ని నేను! నా వంతెప్పుడు?” “నువ్వు కరపత్రం మీద బొమ్మకి. కదలకుండా కూర్చో.”

ఊహ అంటారా? బ్రిటన్‌లో యార్క్‌షైర్‌లోని డ్రాక్స్ విద్యుత్ కేంద్రం ఒకప్పుడు బొగ్గు తినేది. 2013 నుంచి ఒక్కో యూనిటే చెక్క గుళికలకు, అంటే కర్రను పొడి చేసి నొక్కిన ముక్కలకు, మారింది. గుళికలు అమెరికా, కెనడాల నుంచి ఓడలెక్కి వస్తాయి. చెత్తకు సముద్రయానం! కెనడా కలప గురించి డ్రాక్స్ ఇచ్చిన వివరాలు సరిగా లేవని 2024లో అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ తేల్చింది. కంపెనీ రెండున్నర కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

పొగ లెక్క ఇంకా ముచ్చటైనది. యూనిట్ కరెంటుకు చిమ్నీ దగ్గర కర్ర వదిలే కార్బన్ డయాక్సైడ్ బొగ్గు కన్నా ఎక్కువ. అయినా కాల్చిన దేశం ఇంధన పద్దులో అది సున్నా. చెట్టు నరికిన దేశం అటవీ పద్దులో రాసుకోవాలి. తిన్నది ఒకరు, విస్తరి ఎత్తేది మరొకరు. మళ్లీ మొక్క నాటుతాం కదా అంటారు. నాటండి. దానికి ఎనభై వలయాలు వచ్చేదాకా వాతావరణాన్ని అదే బల్ల ముందు నిలబెట్టండి.

వేడి దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు. కరెంటు ఒక్కటే తీసే కేంద్రంలో కర్రలోని శక్తి దాదాపు మూడింట రెండు వంతులు చిమ్నీలోంచీ శీతలీకరణ గోపురాల్లోంచీ గాలిలో కలిసిపోతుంది. ఆ వేడిని గొట్టాల్లో ఇళ్లకు పంపితే 80 శాతం దాకా వాడుకోవచ్చు. డెన్మార్క్ ఊళ్లు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. గూళ్లు కూల్చి, అడవిని పిండి చేసి, సముద్రం దాటించి, అందులో సగానికి పైగా ఆకాశానికి ఊదేసేవాళ్లు చెట్టును పట్టుకుని వ్యర్థం అంటారా? సిగ్గు లేదూ!

కార్యాలయంలో విచారణ సాగుతూనే ఉంది. దుంగలు చాలక, మధ్యాహ్నం నుంచి గుమాస్తా బల్లను కూడా వరసలో నిలబెట్టారట.